నా మీద నేనే తీయించిన ఆరా

ఒకే వారంలో రెండు ఉద్యోగాలు వచ్చేసరికి మా ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. రాష్ట్రం వచ్చినప్పటి నుంచి నోటిఫికేషన్ల కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన మనిషికి ఉన్నట్టుండి రెండు తలుపులు తెరుచుకున్నాయంటే, ఎక్కడో ఏదో మెలిక ఉండే ఉంటుంది.

ఒకటి గురుకుల పాఠశాలలో సైన్సు టీచరు పోస్టు, పర్మినెంటు. ఊరు కొల్లాపూర్ దగ్గర. మాది కట్టంగూర్ పక్క పల్లె. కొల్లాపూర్ అంటే మాకు దేవరకొండ దాటి, కల్వకుర్తి దాటి, ఇంకా అవతలికి కృష్ణ ఒడ్డు దాకా పోవడమే. రాత్రీ పగలూ పిల్లలతోనే ఉండాలి. రెండోది నల్లగొండలో తాగునీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో, కాంట్రాక్టు మీద. ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించకపోతే అడిగే దిక్కు లేదు. ఇందులో ఆలోచించడానికి ఏముందని మీకు అనిపిస్తే, మా బాపుకు కూడా అదే అనిపించింది.

“సర్కారు కొలువు ఇంటి ముంగటికొచ్చి నిలవడ్డది. ఇంక ఏం సోంచాయిస్తున్నవ్?” అన్నాడు.

బాపు వ్యవసాయం చేసి, బోర్లు వేసి, అవి ఎండిపోతే మళ్ళీ వేసి, వాన కోసం మొగులు చూస్తూ బతికిన మనిషి. నెల తిరగ్గానే జీతం వస్తుందనే మాటను ఆయన దేవుణ్ణి నమ్మినంతగా నమ్ముతాడు. ఆయనను తప్పుపట్టలేను. కొల్లాపూర్ పోస్టులో చేరడానికి పదిహేను రోజులే గడువు ఉంది. అది దాటితే పోస్టు పోతుంది, మళ్ళీ అలాంటిది వస్తుందో రాదో తెలియదు.

అసలు చిక్కు నాతోనే వచ్చింది. నాకు ల్యాబు మీద మనసుంది. మనసుంది కాబట్టే భయం వేసింది. మన మనసు ఎప్పుడూ మనవైపే సాక్ష్యం చెబుతుంది. అలాంటి సాక్షిని ఎవరు నమ్ముతారు? ల్యాబు పని నాకు చేతనవును కాబట్టి ఇష్టమా, కొల్లాపూర్ దూరం కాబట్టి ల్యాబు ఇష్టమా? పాఠం చెప్పడం నాకు నిజంగానే రాదా, ఇప్పుడు పనిచేస్తున్న నార్కట్‌పల్లి ప్రైవేటు స్కూల్లో ఇచ్చే జీతానికి రానట్టు ఉంటున్నానా? నాకు నేనే ప్రశ్నలు వేసుకొని, నా జవాబులను నేనే నమ్మక, అన్నం సహించకుండా తిరిగాను.

బీఈడీ చదివే రోజుల్లో ఒకాయన మా కాలేజీకి వచ్చి అందరికీ తెల్ల కాగితాలు పంచాడు. మీ బలాలు, బలహీనతలు రాసుకోండి, మీ దారి మీకే కనబడుతుంది అన్నాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి బలం అన్నచోట ‘కష్టపడే తత్వం’ అని రాసింది. ఆ ఏడాది ఆమె రికార్డులన్నీ రాసింది నేను. మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటకు నేను విలువ ఇవ్వడం ఆ రోజే మానేశాను, నా మాటకు కూడా. నా కాగితం మీద బలం దగ్గరా బలహీనత దగ్గరా ఒకటే రాశాను: ఎవరినీ నమ్మను. ఆయన అది చదివి, నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడన్నది ఇప్పటికీ నాకు అనుమానమే.

ఈ గుణం నాకు నీళ్ళ దగ్గరే పట్టుకుంది. మా ఊరి చేదబావి నీళ్ళు కొబ్బరినీళ్ళ లెక్క ఉంటాయని అందరూ మురిసిపోయేవాళ్ళు. ఆ మాట అందరికన్నా ఎక్కువ చెప్పేది మా అవ్వ. ఆమె మాత్రం గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయేది. నడుము వంగి, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. వయసు, అనేవాళ్ళు. అవ్వకన్నా చిన్నవాళ్ళు కూడా అట్లాగే నడుస్తున్నారు కదా, వాళ్ళకేమైంది అని అడిగితే నెత్తిన మొట్టికాయ పడేది. అది నీళ్ళల్లోని ఫ్లోరైడ్ పని అని నేను పెద్దయ్యాక గాని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. కానీ రుచిగా ఉంటే నీళ్ళు మంచివే అనే వాళ్ళ మీద చిన్నప్పుడు పుట్టిన కోపం నాలో అట్లాగే ఉండిపోయింది.

ల్యాబు ఇంటర్వ్యూలో పెద్ద సారు ఒక సీసా ముందుపెట్టి, ఈ నీళ్ళ గురించి ఏం చెబుతావమ్మా అని అడిగాడు. “సీసా ఎవరు కడిగిన్రు సార్?” అన్నాను. ఆయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన నేల వైపు చూశాడు. ఉద్యోగం నాకే వచ్చింది. అంత తేలిగ్గా రావడం కూడా నాకు నచ్చలేదనుకోండి.

ఇట్లా కొట్టుకుంటున్నప్పుడు మా మేనత్త గుర్తుకొచ్చింది. బాపుకు చెల్లెలు, మా ఊరికి రెండూళ్ళ అవతల ఉంటుంది. మా చుట్టాల్లో ఎవరికి సంబంధం వచ్చినా ఆరా తీయడానికి ముందు ఆమెనే పంపుతారు. మా దిక్కు పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా, మాటలు మొదలుకాకముందే ఎవరో ఒకరు చప్పుడు చేయకుండా ఆ ఊరికి పోయి ఆ ఇంటి సంగతి విచారించి రావాలి. పక్కన చిన్నపిల్ల ఉంటే ఎవరూ అనుమానించరని అత్త నన్ను వెంట తీసుకుపోయేది. నా చదువు అక్కడ మొదలైందని చెప్పినా తప్పులేదు.

ఆమె పని చూసి తీరాలి. బస్సు దిగగానే ఆ ఇల్లు అడగదు. బర్రె బేరానికి వచ్చినట్టో, కిరాయికి ఇల్లు చూస్తున్నట్టో కిరాణా దుకాణం ముందు కూర్చుంటుంది. పోక చెక్కలు కొంటుంది. వానల గురించి, పత్తి ధర గురించి మాట్లాడుతుంది. వేరే ఎవరి ఇంటి గురించో అడుగుతుంది. అసలు ఇంటి మాట మాత్రం పోవడానికి లేచి నిలబడ్డాకనే తీస్తుంది. అయితే మా దగ్గర ఎవరూ కుదిరే సంబంధాన్ని చెడగొట్టిన పాపం నెత్తికెత్తుకోరు. అడిగిన వాళ్ళందరూ మంచే చెబుతారు. అందుకని ఏం చెప్పారన్నదాన్ని అత్త లెక్కలోకి తీసుకోదు. అడిగినదానికి కాక ఇంకోదానికి జవాబు వచ్చిందా అన్నదే చూస్తుంది. ఒకసారి ఒక పిల్లగాని గురించి, తాగుతాడా అని అడిగింది. “పొద్దుగాల్నే లేస్తడు” అన్నాడు దుకాణమాయన. అత్త కొంగు దులుపుకొని బస్సెక్కింది. ఆ సంబంధం అంతటితో సరి.

ఒక ఆదివారం పోయి ఆమె ముందు కూర్చున్నాను.

“అత్తమ్మా, ఒక ఆరా తియ్యాలె.”

“ఎవని మీద?” అంది. కళ్ళల్లోకి వెలుగొచ్చింది.

“నా మీద.”

“నీ మీద నేను తీసుడేంది? తలకాయ గిట్ల తిరిగిందా?”

“సంబంధం చూసేటోళ్ళ తీర్గనే పో. నార్కట్‌పల్లిల మా బడికి పోయి ఆయమ్మను అడుగు, ప్రిన్సిపల్ సారును అడుగు. గీ పిల్ల పాఠం మంచిగ చెప్తదా, గంతే అడుగు. నేనడిగితే నిజం చెప్పరు.”

“చెప్తే నమ్ముతవా మరి?”

“ముందుగాల తెలువనీయి, తర్వాత చూద్దాం.”

ఆమె సరేనంది. తిరుగు బస్సులో నాకు సిగ్గేసిన మాట నిజం. లోకంలో మనుషులు తమ బలం తెలుసుకోవడానికి ఏవో పరీక్షలు రాస్తారు. నేను నన్నే పెండ్లిపిల్లను చేసి ఊరి మీదికి మనిషిని పంపాను.

నాలుగైదు రోజులకు అత్త మా ఇంటికి వచ్చింది. చాయ తాగి, నన్ను పెరట్లోకి పిలిచింది.

“ఆయమ్మను అడిగిన. పాఠం మంచిగ చెప్తదా అంటే ‘టైముకు వస్తదమ్మా’ అన్నది. మీ సారును అడిగిన. ఆయన గూడ గదే. టైముకు వస్తది, ఉత్తగ లీవు పెట్టది అన్నడు. అయిపాయె.”

దాని అర్థం నాకు విడమరిచి చెప్పక్కరలేదు. నేను టీచర్ని కాను. బాధ కలగాల్సింది పోయి నా గుండె తేలికైంది. ఇక ల్యాబుకు పోవచ్చు, బాపుకు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు అనుకుంటూ లోపలికి వచ్చాను. అన్నం ముందు కూర్చొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఆ తేలికే నాకు అనుమానంగా తోచింది.

ఇన్నేళ్ళలో అత్త ఏ ఆరానూ మూడు మాటల్లో తేల్చలేదు. వాళ్ళ గేటుకు ఏ రంగు వేశారు, పొయ్యి మీద ఏం కూర ఉడుకుతోంది, పక్కింటి పిల్ల ఎవరితో పోయింది, అన్నీ చెప్పి గాని అసలు సంగతికి రాదు. ఈసారి గేటు లేదు, కూర లేదు. నేను వినాలనుకున్న మాట ఒక్కటే, శుభ్రంగా కడిగి నా చేతిలో పెట్టినట్టు వచ్చింది.

పైగా అత్తకు ఒక కొడుకున్నాడు. నకిరేకల్‌లో మోటార్లు వైండింగు చేసే దుకాణం పెట్టుకున్నాడు. నాకు బావ. చిన్నప్పుడు మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి నవ్వుకున్న చుట్టాలు ఇప్పుడూ ఉన్నారు. నేను నల్లగొండలో ఉంటే నకిరేకల్‌కు ఎంత దూరం? అదే కొల్లాపూర్ పోతే? అత్త ఎవరి కోసం ఆరా తీసిందో నాకు తెలిసిపోయినట్టే అనిపించింది. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు బడికి పోగానే ఆయమ్మను పట్టుకున్నాను. “గీ వారంల నా గురించి అడుగుకుంట ఎవరన్న వచ్చిన్రా?” అన్నాను.

“ఎవలు రాలే మేడం. ఏంది, సంబంధాలు చూస్తున్నరా?”

లేదన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ను కూడా అడిగాను. ఎవరూ రాలేదన్నాడు. ఇద్దరిని అడిగిన ఫలం మధ్యాహ్నానికల్లా దక్కింది. స్టాఫ్‌రూమ్‌లో నా పెండ్లి కుదిరిపోయింది, అబ్బాయి ఏం చేస్తాడన్న చర్చ కూడా మొదలైంది. ఆఖరి పీరియడు కాగానే ప్రిన్సిపల్ సారు పిలిపించాడు.

“పెండ్లయినంక గూడ కంటిన్యూ అయితరా మేడం? ఏడాది నడుమల పోతే మాకు పరేషాన్ అయితది” అన్నాడు.

పెండ్లి లేదు గిండ్లి లేదు సార్ అని చెప్పి లేచి, ఎట్లాగూ లేచాను కదా అని అడిగేశాను. “సార్, నేను పాఠం మంచిగ చెప్తనా?”

ఆయన ముందున్న పేపర్ వెయిట్‌ను అటు జరిపాడు, ఇటు జరిపాడు. గోడ గడియారం వైపు చూశాడు.

“మీరు టైముకు వస్తరు మేడం” అన్నాడు.

 ఆ మాటను అత్త ఈయన నోట వినలేదు. అసలు ఈ గేటే దాటలేదు. తానే కల్పించి చెప్పిన మాట ఇప్పుడు ఈయన నోట్లోంచి అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అత్త అబద్ధమాడిందని తేలింది. ఆ అబద్ధం నిజమని కూడా తేలింది. ఈ రెండింటినీ ఏం చేసుకోవాలో తెలియక బస్టాండులో బస్సు వదిలేసుకొని నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం బడి నుంచి నేరుగా అత్త వాళ్ళ ఊరికే పోయాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

“నువ్వు నార్కట్‌పల్లికి పోలె” అన్నాను, కూర్చోకుండానే.

“పోలె” అంది. గింజ తీసే చెయ్యి ఆగలేదు.

“మరి గా మాటలన్ని ఏడికెల్లి వచ్చినయ్?”

“నీ నోట్లకెల్లే. ఎన్నొద్దుల సంది వచ్చి బడి ముచ్చట్లు పెడుతున్నవ్. గా పిల్ల కడుపునొప్పని అబద్ధమాడింది, గీ పిల్లగాడు ఎవనిదో చూసి రాసిండు, నేనెట్ల పట్టుకున్ననో చూడు అంటవ్. ఇయ్యాల గీ పాఠం చెప్పిన, పిల్లలకు మస్తు సమజైంది అని ఒక్కనాడన్న అన్నవా? నేనైతే వినలె. తెలిసినదానికి మళ్ళ బస్సెక్కి పోవుడెందుకని ఇంట్లనే ఉన్న.”

“గది గాదు. నన్ను నల్లగొండల ఉంచాలని చెప్పినవ్. బావ కోసం.”

అప్పుడు ఆగింది చెయ్యి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“వాడు పోయినేడే అడిగిండు బిడ్డా. నిన్ను చేసుకుంట అన్నడు. నేనే వద్దన్న.”

నేను కింద పడ్డ గింజలను ఏరడం మొదలుపెట్టాను.

“నీ మీద ఆరా గప్పుడే తీసిన. ఎవల్ని అడుగలె, నా కండ్లతోనే చూసిన. నువ్వు మంచి పిల్లవే. గని మా ఇంట్ల ఎవలన్న తిన్ననంటే కంచం చూస్తవ్. దుకాణం కాడ ఆలస్యమైందంటే ఇంకోల్లను అడిగి తెలుసుకుంటవ్. వాడు ఉత్త మాటకే కండ్లల్ల నీళ్ళు తెచ్చుకునేటోడు. ఇద్దరు సుఖపడరనుకున్న. తప్పైతే తప్పే.”

బావను చేసుకోవాలని నేనెన్నడూ అనుకోలేదు. అడిగినా ఒప్పుకునేదాన్ని కాదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. నా మీద నిజంగానే ఆరా జరిగింది. వద్దని తేల్చుకొని కొంగు దులుపుకొని వెళ్ళిపోయారు కూడా. అంత జరిగినా, అందరి గుట్టూ పట్టే నాకు అది తెలియనే లేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త ఊరుకోమనలేదు. నేను ఏడ్చినంతసేపూ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

“నమ్మకపోవుడు నీ గుణం. గది పోదు, పోగొట్టుకోకు గూడ” అంది తర్వాత. “గా నీళ్ళ కాడికి పో. దినమంత నమ్మకు, జీతమిస్తరు. గని ఇంటికొచ్చినంక గూడ సీసాలు పట్టుకొని కూసోకు బిడ్డా.”

బస్సులో ఆ మాటలను కూడా అటూ ఇటూ తిప్పి చూశాను. ఇందులో ఆమెకు లాభమేమిటని వెతికాను. ఏమీ దొరకలేదు. కోడలిగా వద్దనుకున్న పిల్ల ఎక్కడ ఉద్యోగం చేస్తే ఆమెకేం? అందుకని మొదటిసారి ఒక మనిషి మాటను పట్టుకొని ముందుకు ఆలోచించాను. నాకేది చేతనవుతుందో ఆమె చెప్పగలిగింది. నాకేది కావాలో మాత్రం ఏ దుకాణం ముందు కూర్చున్నా ఎవరూ తెలుసుకొని రాలేరు. అది నన్నే అడగాలి. అడిగితే, గోడ పట్టుకొని లేస్తున్న అవ్వ కనిపించింది, ఆమెకు వయసే అని చెప్పిన వాళ్ళందరూ కనిపించారు. కొల్లాపూర్ పిల్లలు కూడా కనిపించారు. ఇల్లు వదిలి వచ్చి అక్కడ చదువుకుంటున్న ఆ పిల్లలకు కావలసింది టైముకు వచ్చే టీచరు కాదు. ఆ కుర్చీలో మనసున్న వాళ్ళు కూర్చోవాలి. ఇంటికి చేరేలోపు తేల్చుకున్నాను.

ల్యాబుకే పోతానని చెబితే బాపు అరవలేదు. అరిస్తే బాగుండేది.

“కాంట్రాక్టు తీసేస్తే?” అన్నాడు.

“తీసేస్తే తీసేస్తరు బాపు. ఇంకోటి చూసుకుంట.”

“చేతికొచ్చిన బువ్వను కాలదన్నుకుంటున్నవ్” అని లేచి పొలానికి పోయాడు. గడువు దాటిన రోజు అన్నం దగ్గర కూర్చొని, తినకుండా లేచాడు. అమ్మ నా వైపు చూడలేదు. ఆ వారంలో ఎన్నిసార్లు పశ్చాత్తాపపడ్డానో నాకే తెలుసు. ఇది రాస్తున్న నాటికి కూడా నాది కాంట్రాక్టే. పొడిగింపు నెల వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. ల్యాబులో మాత్రం ఒక సీసాను రెండుసార్లు పరీక్షించి, మళ్ళీ ఎందుకైనా మంచిదని మూడోసారి చూస్తాను. ఎవరూ నన్ను అనుమానపు మనిషి అనరు. ఇంకోసారి చూడమ్మా అని వాళ్ళే అంటారు.

నేను ల్యాబులో చేరిన రోజు పొద్దున బాపు తానే బండి బయటికి తీశాడు. కట్టంగూర్ హైవే దాకా వెనక కూర్చున్నాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. బస్సు కోసం నిలబడ్డప్పుడు నా ధైర్యం కాస్తా చల్లబడిపోయింది. ఇంకా వెనక్కి తిరగడానికి ఏదైనా దారి ఉందేమో అని కూడా ఆలోచించాను.

“బాపు, తప్పు చేసిననేమో. నా మీద నాకే నమ్మకం లేదు” అన్నాను.

ఆయన బస్సు వచ్చే దిక్కే చూస్తున్నాడు.

“నువ్వు నమ్మకు. గది నీతోని గాదు” అన్నాడు. “నేను నమ్ముత తియ్యి. పో.”

అది మనసులోంచి వచ్చిన మాటేనా, నన్ను ఊరడించడానికి అన్నాడా అని ఆయన ముఖం చూడబోయాను. సగం తిప్పిన తలను అక్కడే ఆపేసుకున్నాను. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.